వెంపలి మొలిచే నేల వృథా నేలా?

కలి ముదిరితే మనుషులు వెంపలిచెట్టుకు నిచ్చెన వేసుకుని ఎక్కుతారని పెద్దలంటారు. మోకాలెత్తు మొక్కంటే లోకానికి అంత చులకన! అది మొలిచే బీడన్నా సర్కారుకు అంతే చులకన. 2000లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ, హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ కలిసి వృథా భూముల అట్లాసు అచ్చువేశాయి. తుప్పలున్న నేలలు, దెబ్బతిన్న పచ్చికబీళ్లు కూడా ఆ పద్దులోకే ఎక్కాయి. వృథా అని ఒకసారి రాశాక ఆ భూమిని ఎవరికైనా ధారాదత్తం చెయ్యడం తేలిక. అక్కడ మేకలు కాసుకునేవాళ్లు, కట్టెపుల్లలు ఏరుకునే కూలితల్లులు ఆ పటంలో కనపడరు.

మేమనేది ఒకటే. ముందు ఆ నేల మీద ఏముందో చూడండి.

వెంపలిని గుర్తుపట్టడం కష్టం కాదు. కాడకు రెండువైపులా చిట్టి ఆకులు, కొసన ఒంటి ఆకు. పూలు ఊదారంగు. కాయ బల్లపరుపుగా ఉండి కాస్త పైకి వంగుతుంది. ఇంకా అనుమానమా? చిట్టి ఆకు కొస పట్టి లాగండి. అడ్డంగా చిరగదు, బాణం మొనలాగా తెగుతుంది. నీలిచెట్టూ ఇలాగే కనపడుతుంది గానీ దాని కాయ గుండ్రంగా, పుల్లలా ఉంటుంది. తగిరిసకు పసుపుపచ్చ పూలు. కొసన ఒంటి ఆకు ఉండదు.

వానాకాలంలో ఒక మొక్కను మన్నుతో సహా పెకలించండి. వేళ్లకు బుడిపెలుంటాయి. చిదిమితే లోపల ఎర్రగా ఉందంటే, అందులోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు పెడుతున్నాయన్నమాట. తగిరిస వేళ్లకు ఈ బుడిపెలుండవు. జనుము, జీలుగ, పిల్లిపెసరలాగే వెంపలిని కూడా పచ్చిరొట్టగా దమ్ములో తొక్కేది ఇందుకే. యూరియా బస్తాకు అప్పు చేసే పేదరైతుకు అది కొంతైనా ఊరట.

వెంపలి ఉన్నచోటల్లా నేల బలమైనదని మేం చెప్పడం లేదు. గరుసునేలలో కూడా అది తన తిండి తాను సంపాదించుకుంటుంది, పోతూపోతూ నేలకింత మిగిల్చిపోతుంది. అలాంటి నేలను వృథా అనడం అన్యాయం కాదా?

అందుకే బీడు మీదికి కొలతగొలుసు వచ్చేలోగా కూలి సంఘాలు కదలాలి. ఏ మొక్క పేరేమిటి, ఎవరి మంద ఏ నెలలో మేస్తుంది, ఎవరు ఏం ఏరుకుంటారు, అన్నీ రాసి గ్రామసభ తీర్మానంలో ఎక్కించాలి. ఆ మొక్కల పేర్లు కచేరీ కాగితాలకు తెలియవు. మనకు తెలుసు.