మాత్రల సీసాకు బస్సు ఛార్జీ

పల్లెల్లో హెచ్‌ఐవీని అడ్డుకోవడమంటే ఇప్పటికీ గోడ రాతలు, డిసెంబర్ 1 ఎయిడ్స్ దినం ర్యాలీలే అనుకుంటున్నాం. కానీ మందులూ అడ్డుకుంటాయి: జంటలో ఒకరికే వైరస్ ఉన్నప్పుడు ముందుగా మందులు మొదలుపెడితే రెండోవారికి సోకడం 96 శాతం తగ్గుతుందని 2011లోనే ఓ అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. మన దేశంలో 2017 నుంచి పాజిటివ్ వచ్చిన అందరికీ రక్తంలోని సీడీ4 కణాల లెక్కతో పనిలేకుండా ఉచితంగా మందులిస్తున్నారు. ఉచితమే గానీ, ఈ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం దూరమైతే ఆ సీసా కోసం కూలీ మనిషి ఓ రోజు కూలి, బస్సు ఛార్జీ వదులుకోవాలి. ఇంటికొచ్చాక లేబుల్ చింపి బియ్యం డబ్బాలో దాచాలి. మధ్యలో మానేస్తే వైరస్ మళ్లీ పెరుగుతుంది. కాబట్టి మందు ఊరికి దగ్గరగా రావాలి. అయితే ఊళ్లోనే ఇస్తే గుట్టు రట్టవుతుందన్న అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. అందుకే ఎక్కడ తీసుకోవాలో రోగి ఇష్టానికే వదలాలి, నిలకడగా వాడేవారికి మూడు నెలల మందు ఒకేసారి చేతికివ్వాలి. ఇక గుట్టు సంగతికొస్తే, సమ్మతి లేకుండా ఒకరి హెచ్‌ఐవీ స్థితిని బయటపెట్టడాన్ని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం నిషేధించింది. ఆ సంగతి ఓపీ చీటీలు రాసే సిబ్బందికి ఎవరైనా చెప్పారా?