సైలెన్సర్ మార్చితే డైనో కూడా చేయించాలా?

మా ఆదోనిలో బుల్లెట్ కొన్న ఇంట్లో ఏడాది తిరక్కుండా ఒక పంచాయితీ తప్పదు. ముందు సైలెన్సర్ మారుతుంది. "కంపెనీది మరీ మెత్తగా ఉందిమ్మా, బుల్లెట్ మాదిరే లేదు" అంటారు. అక్కడితో ఆగితే బాగుండు. నెల గడవకముందే రెండో ఖర్చు బయటికొస్తుంది. దాని పేరు డైనో ట్యూనింగ్. సైలెన్సర్ మార్చాక అది చేయించకపోతే ఇంజిన్ కాలిపోతుందని మావాడు ఫోన్లో వీడియోలు చూసి నాకు పాఠం చెప్పాడు. దానికి బెంగళూరు పోవాలంట. పోను 300 కిలోమీటర్ల పైనే, రాను మళ్లీ అంతే.

నా మాట ముందే చెప్పేస్తాను. ఒక్క సైలెన్సర్ మాత్రమే మార్చిన మామూలు బండికి డైనో ట్యూనింగ్ దండగ.

తెలుగు బీఏ చదివిన ఇల్లాలికి ఇంజిన్ సంగతులెందుకని మీరు నవ్వుకోవచ్చు. ఇరవై ఏళ్లుగా మంటతోనే కదా నా కాపురం! గ్యాస్ పొయ్యి మంట నీలంగా ఉంటే గాలి, గ్యాస్ సరిగ్గా కలిసినట్టు. పాలు పొంగి బర్నర్ రంధ్రాలు మూసుకుపోతే మంట పసుపు రంగుకు తిరిగి గిన్నె అడుగు మసి పడుతుంది. ఇంజిన్లోనూ అదే వ్యవహారం. ఒక వంతు పెట్రోలు పూర్తిగా కాలాలంటే తూకంలో దాదాపు 14.7 వంతుల గాలి కావాలి. బండి బలంగా లాగాల్సి వచ్చినప్పుడు పెట్రోలు ఇంకొంచెం ఎక్కువ పడాలి. పొగ బయటికి పోయే దారి వెడల్పు చేస్తే లోపలికొచ్చే గాలి కూడా కాస్త పెరుగుతుంది. పెట్రోలు మాత్రం పాత లెక్కనే పడితే మిశ్రమం పలచనై ఇంజిన్ వేడెక్కుతుంది. మావాడి భయం ఇదే, అది ఉత్తుత్తి భయం కాదు. ఎంత భయపడాలన్నదే పేచీ.

డైనో అంటే డైనమోమీటర్. బండిని కట్టేసి, వెనక చక్రాన్ని బరువైన డ్రమ్ము మీద పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పుతారు. చక్రం ఆ డ్రమ్మును ఎంత జోరుగా తిప్పిందన్న దాన్నిబట్టి, ఇంజిన్ ఏ వేగం దగ్గర ఎంత బలం ఇచ్చిందో గీతగా పడుతుంది. పొగలో ఒక సెన్సర్ పెట్టి పెట్రోలు ఎక్కువో తక్కువో చూస్తారు. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌తో బండి కంప్యూటర్లోని లెక్కలు సవరిస్తారు. నిజమైన విద్యే, కాదనను.

కానీ 2020 ఏప్రిల్‌లో బీఎస్6 నిబంధన వచ్చాక అమ్మిన బుల్లెట్లన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. మావాడి క్లాసిక్ 350 కూడా అంతే. దాని పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ ఒకటి ఉంటుంది. నిదానంగా పోతున్నంతసేపూ అది పొగను చూసి కంప్యూటర్‌కు చెబుతుంటుంది, పెట్రోలు దానంతట అదే సర్దుకుంటుంది. మనం పులుసు రుచి చూసి ఉప్పు సరిచేసినట్టు. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం కంప్యూటర్ ఆ సెన్సర్ మాట వినదు, ముందే రాసిపెట్టిన లెక్కతో పోతుంది. డైనోలో ముఖ్యంగా దిద్దేది ఆ లెక్కనే. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు 30 కిలోమీటర్ల చిల్లర. పత్తి ట్రాక్టర్లు, గొర్రెల మందలు, ఊరి ఊరికీ స్పీడ్ బ్రేకర్లు. ఆ రోడ్డు మీద యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పే సందు ఎక్కడుందో నాకైతే కనబడలేదు. ఉంటే అది నాకు తెలియకపోవడమే వాడికి మంచిది.

ఆ బండి బలం కంపెనీ లెక్కలో 20.2 బీహెచ్‌పీ. సైలెన్సర్ ఒక్కటే మార్చి ఎంత ట్యూన్ చేయించినా పెరిగేది ఒకటో అరో. కంపెనీ కంప్యూటర్ తాళం తెరుచుకోకపోతే మధ్యలో ఇంకో పెట్టె బిగించాలి, దాని ధర వేరే. పైగా వారంటీ మీద పేచీ. ఇదంతా పాప హాస్టల్ ఫీజు కట్టాల్సిన నెలలో!

మా పుట్టిల్లు ఎమ్మిగనూరు. అక్కడ మా తమ్ముడిది పాత కార్బురేటర్ బుల్లెట్. వాడూ సైలెన్సర్ మార్చాడు. దానికి సెన్సర్ లేదు, దానంతటది సర్దుకునే తెలివీ లేదు. లెక్కప్రకారం భయపడాల్సింది వాడు. వాడేం చేశాడు? వాళ్ల వీధి చివరి మెకానిక్ దగ్గరికి పోయాడు. ఆయన స్పార్క్ ప్లగ్ విప్పి రంగు చూశాడు. తెల్లగా పాలిపోయి ఉంటే పెట్రోలు చాలడం లేదని, నల్లగా మసి పట్టి ఉంటే ఎక్కువైందని, కాఫీపొడి రంగులో ఉంటే సరిపోయిందని గుర్తు. తమ్ముడిది తెల్లగా ఉందంట. కార్బురేటర్లో కొంచెం పెద్ద జెట్ వేసి, వారం తిప్పమని, మళ్లీ విప్పి చూశాడు. ఖర్చు ఇంటిల్లిపాదీ ఉగ్గాని బజ్జీ తిన్నంత. "మామకు డైనో లేకుండానే అయిపాయె కదరా" అంటే, "అది పాత బండిలేమ్మా" అంటాడు మావాడు. పాత బండికే అక్కర్లేనిది కొత్తదానికి ఎందుకో మాత్రం చెప్పడు.

డైనో ఎవరికీ వద్దని కాదు. ఎయిర్ ఫిల్టర్, ఇంజిన్ దగ్గరి బెండ్ పైపుతో సహా అన్నీ మార్చినవాళ్లు, క్యామ్ మార్చినవాళ్లు, సిలిండర్ పెద్దది చేయించుకున్నవాళ్లు పోవాల్సిందే. అంత మార్పును ఆ చిన్న సెన్సర్ సర్దలేదు. అక్కడ ట్యూనింగ్ మానేయడమే అసలు నష్టం.

ఇంకొకటి. డైనో పెట్రోలు లెక్క దిద్దుతుంది గానీ మోత తగ్గించదు. మా ఎదురింట్లో బాలింత ఉంది. వీడి బండి సందు మొదట్లో ఉండగానే పసిబిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది. ఆ తల్లి నన్నేమీ అనదు, వాకిట్లో నిలబడి చూస్తుందంతే. ఇక చట్టం మాటంటారా, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 190(2) సెక్షన్ కింద శబ్దం, పొగ ప్రమాణాలు దాటిన బండి నడిపితే 10,000 రూపాయల దాకా జరిమానా, 3 నెలల దాకా జైలు, లేదా రెండూ. లైసెన్సు 3 నెలలు పోతుంది. విశాఖలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కించిన వీడియోలు మావాడి ఫోన్లోకి ఎందుకు రావో!

అయినా బెంగళూరు పోతానంటే నేను పెట్టిన షరతు ఒకటే. ట్యూనింగ్ వద్దు, ఉత్త కొలత వేయించుకుని రా. దానికి ట్యూనింగంత ఖర్చు కాదు. పాత సైలెన్సర్‌తో ఒకసారి, కొత్తదానితో ఒకసారి, ఒకే రోజు, ఒకే యంత్రం మీద. యంత్రం మారినా, ఎండ మారినా లెక్క మారిపోతుంది కాబట్టి వేరే చోటి కాగితం తెచ్చి చూపిస్తే చెల్లదు. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే కొన్నది బలం కాదు, మోత. కింది వేగాల దగ్గర కొత్తది పాతదానికన్నా తక్కువ చూపించినా ఆశ్చర్యం లేదు, ఊర్లో తిరిగేది ఆ వేగాల్లోనే మరి.

వాడింకా పోలేదు. పాత సైలెన్సర్‌కు నూనె రాసి, గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాను.