ఎండలో సైకిలు, చలిలో సైకిలు



మాది ఆదిలాబాదు ప్రాంతము. మావారు ఉపాధ్యాయులు, తొమ్మిది కిలోమీటరుల దూరమున నున్న పాఠశాలకు సైకిలుమీదనే పోయివత్తురు. పుష్యమాసపు మంచులో చెవులకు గుడ్డ చుట్టుకొని వారు బయలుదేరునపుడు నాకు మిక్కిలి దిగులుగా నుండెడిది. వేసవిలో ఒంటిపూట బడులే కదా యని నిశ్చింతగా నుంటిని. నా తలంపు తలక్రిందని పోయిన చైత్రమున తెలిసినది.

పండ్రెండున్నరకు బడి విడిచినచో, ఇల్లు చేరవలసినవారు నడినెత్తి యెండలోనే రావలెను గదా! ఆనాడు మావారు వాకిట సైకిలు దిగి, నిలువలేక అరుగుమీద కూలబడిరి. "త్రోవలో బాగుగనే యుంటిని, గాలి తగులుచునే యున్నది" అనిరి. ఆ గాలియే మోసగించినది.

సైకిలు త్రొక్కువారి శక్తిలో ఇంచుమించు నాలుగవవంతే చక్రమును త్రిప్పును. తక్కినది వేడియై ఒడలిలో నిలుచును. చలికాలమున ఆ వేడియే కంబళి. మొదటి కిలోమీటరున వణకినవారు మూడవదానిలో గుండీలు విప్పుకొందురు. వేసవిలో దానిని పోగొట్టునది చెమట, అదియు ఆఱినప్పుడే. బండి సాగుచున్నంతసేపు చెమట పుట్టినది పుట్టినట్లే ఆఱును. చొక్కా తడియదు, నీరు తరిగిపోవుచున్న సంగతి తోపదు. దిగగానే ధారలు కట్టును. బందరులోని మా అక్కయ్య తమ యూర ఎండ తక్కువని మురియును గాని, అచటి చెమ్మగాలిలో చెమట ఆఱదు. అదియు నొక యాపదయే.

వింత యేమన, సైకిలునకు వేసవియే సుఖము. 40 డిగ్రీల గాలి 10 డిగ్రీల గాలికంటె ఇంచుమించు పదియవవంతు పలుచన. చీల్చుకొని పోవుట సులభము. సుఖమంతయు బండిది, కష్టమంతయు మనిషిది!

ఇపుడు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ సీసాతో పంపుచున్నాను. ఇల్లు చేరినపిదప గాక, బయలుదేరుటకు ముందే సగము త్రాగవలెనని నా నియమము. ఎండలు ముదిరిన మొదటి రెండు వారములు మఱింత జాగ్రత్త వలయును. ఒడలు వేడికి అలవాటుపడుటకు అంతకాలము పట్టును. ఎవరికైనను మాట తడబడి ఒడలు కాలుచున్నచో, మజ్జిగతో కాలయాపన చేయక, నీడకు చేర్చి, ఒడలెల్ల నీళ్లతో తడుపుచు ఆసుపత్రికి కొనిపోవలెను.

ఎండ తగ్గువఱకు బడిలోనే కూర్చుండి సాయంకాలము రండని నేను. అన్నము చల్లారునని వారు. చల్లారినచో మరల వండెద నంటిని. ఇంకను ఒప్పుకొనలేదు.