సోలారు పలకల కింద ఎవరి భూమి?

ఊరికి కరెంటొచ్చింది అంటే అర్థమేంటి? ఈ మాటకు సర్కారు రాసుకున్న నిర్వచనాలు చూడండి, మన బతుకు చరిత్రంతా అందులోనే ఉంది. 1997 దాకా రెవెన్యూ గ్రామం పరిధిలో ఏ పనికైనా సరే కరెంటు వాడితే చాలు, ఆ ఊరికి కరెంటొచ్చినట్టే లెక్క. పెత్తందారు బావి మీద మోటారు తిరిగితే మాలపల్లె, మాదిగపల్లె కూడా వెలిగిపోయినట్టే! 2004లో లెక్క మార్చారు. ఊళ్లోనే కాదు, దళితవాడ ఉంటే అక్కడికీ లైను పోవాలన్నారు. నూటికి పది ఇళ్లకు కరెంటుండాలన్నారు. దళితవాడ అని విడిగా రాయాల్సొచ్చిందంటేనే అంతకుముందు స్తంభాలు ఎక్కడ ఆగిపోయాయో తెలుస్తోంది. మరి మిగతా తొంభై ఇళ్లు ఎవరివో చెప్పాలా?

1988-89లో కుటీర జ్యోతి అని గుడిసెకు ఒక్క బల్బు ఇచ్చారు. 2004లో పంపుసెట్లకు ఉచిత కరెంటు వచ్చింది. మంచిదే, కానీ బోరు ఎవరికుంది? భూమి ఉన్నోడికి. 2017 తర్వాత సౌభాగ్య కింద మన ఇళ్లకూ మీటర్లు బిగించారు, కాదనం.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసినప్పుడు కరెంటు వ్యవహారం కూడా ఆయన చేతిలోనే ఉండేది. కరెంటు చౌకగా, పుష్కలంగా దొరకందే పరిశ్రమలు రావు, పరిశ్రమలు రాందే పేదరికం పోదు అని 1943లోనే వాదించారు. కీలక పరిశ్రమలు ప్రభుత్వం చేతిలోనే ఉండాలని 1947లో రాశారు. ఇవాళ జరుగుతున్నదేమిటి? 2024లో ఆంధ్ర సర్కారు ప్రకటించిన క్లీన్ ఎనర్జీ పాలసీ 10 లక్షల కోట్ల పెట్టుబడులు తెస్తామంటోంది. ఆ పెట్టుబడి కంపెనీలది, లాభం కంపెనీలది. మన వంతు ఏమిటో ఎవరూ చెప్పరు.

మేం సోలారుకు వ్యతిరేకులం కాదు. బొగ్గు బూడిద పడేది మన గుడిసెల మీదే. ఎండలు ముదిరితే వడదెబ్బకు రాలిపోయేదీ కూలికి పోయే మనోళ్లే. అందుకే ఈ మార్పు కావాలని అందరికన్నా గట్టిగా అడగాల్సింది మనమే. పేచీ అంతా భూమి దగ్గరే.

ఒక్క మెగావాట్ సోలారుకు దాదాపు ఐదారు ఎకరాలు కావాలి. గని, శకునాల ఊళ్ల దగ్గర 2017లో నడక మొదలైన కర్నూలు సోలారు పార్కు 1000 మెగావాట్లది, దాని కింద పోయింది సుమారు 6 వేల ఎకరాలు. అనంతపురం వైపు ఎన్.పి.కుంటలో 1500 మెగావాట్లకు పార్కు పెట్టారు. కాగితాల్లో ఇవన్నీ బీడు భూములు. ఎవరికి బీడు? మన గొర్రెలు, బర్రెలు మేసేది అక్కడే. పొయ్యిలోకి కంపకట్టె తెచ్చుకునేది అక్కడే. డీకేటీ పట్టా పుచ్చుకుని రాళ్లేరి, వానొచ్చిన ఏడు కంది, వేరుశనగ వేసుకున్నదీ అక్కడే. చాలామందికి ఆ పట్టా కాగితం కూడా లేదు, సాగు మాత్రమే ఉంది. కాగితం లేనోడు నష్టపరిహారం జాబితాలోకి ఎక్కడు.

అసైన్డ్ భూమి పేదోడి చేయి జారకుండా 1977లో చట్టం వచ్చింది. ప్రభుత్వం ఆ భూమిని వెనక్కి తీసుకుంటే పట్టాదారులతో సమానంగా మార్కెట్ ధర కట్టివ్వాల్సిందేనని 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పిచ్చింది. ఎంతమంది తాసిల్దార్లు ఈ తీర్పు సంగతి మనకు చెప్పారు? 2013 భూసేకరణ చట్టం ఇంకో మెట్టెక్కి, ఆ భూమి మీద బతికే కూలీలను, కౌలుదారులను కూడా నష్టపోయిన కుటుంబాలుగానే చూడాలంది. అందుకే ఇప్పుడు సేకరణ అనకుండా లీజు అంటున్నారు. లీజుకిస్తే భూమి గలోడికి ఏటా కౌలు ముడుతుంది. కలుపు తీసే ఆడోళ్లకు, గొర్రెలు కాసే పిల్లోడికి ఏం ముడుతుంది? వందల ఎకరాల పలకలు తుడవడానికి, కాపలా కాయడానికి కావాల్సింది కొద్దిమందే.

ఇక మిద్దె మీది సోలారు సంగతి. 2024లో కేంద్రం తెచ్చిన సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78 వేలు సబ్సిడీ ఇస్తారు, మిగతాది సొంతంగానో బ్యాంకు అప్పుతోనో పెట్టుకోవాలి. రేకుల ఇంటోడికి, బాడుగింటోడికి ఇది అందదు. 2025లో ఆంధ్రలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్లు ఉచితంగా పెడతామన్నారు. సంతోషమే. అయితే పలక చెడిపోతే బాగుచేసేదెవరు? 2019లో 200 యూనిట్లకు పెంచిన ఉచిత కరెంటు ఆ తర్వాత కూడా ఉంటుందా, లేక పలకలిచ్చి దాన్ని లాక్కుంటారా? ఈ సంగతి రాతపూర్వకంగా చెప్పమనండి. పలకలు బిగించడానికి మనుషులొచ్చాక కాదు, రాకముందే అడగండి.

మీ మండలంలో సోలారు పార్కు మాట వినబడిందంటే ముందు అడంగల్ నకళ్లు తీసి పెట్టుకోండి. కాగితం లేని సాగుదార్ల పేర్లు, కూలీల పేర్లు గ్రామసభ తీర్మానంలో రాయించండి. లీజుకిచ్చినా కూలి పోయిన కుటుంబాలకు 2013 చట్టం ప్రకారమే పునరావాసం ఇవ్వాలని, కంపెనీ ఆదాయంలో ఏటా వాటా కట్టాలని, ఉద్యోగాల్లో ముందు ఆ ఊరి దళితులను తీసుకోవాలని అదే తీర్మానంలో చేర్చండి. నకలు మీద సర్పంచి సంతకం తీసుకోవడం మరవకండి.