అరిగిన బూటు ఎవరి కాలికి?



ఏరువాకకు ముందు నాగటి కర్రు అరిగినదా లేదా యని చూడని సేద్యగాడు లేడు. కొడవలికి పదును పెట్టించును. ఇంజనుకు నూనె మార్పించును. ట్రాక్టరు టైరు నున్నబడినచో తడినేలలో చక్రము తిరుగునే కాని బండి కదలదని యెఱిగి క్రొత్త టైరు వేయించును. కాని చేపల చెఱువులోను, రొయ్యల చెఱువులోను దిగు మనిషి కాలికున్న రబ్బరు బూటును తిరుగవేసి, దాని అట్ట యెంత అరిగినదో చూచు అలవాటు మనలో మిక్కిలి తక్కువ. చిల్లిపడి లోనికి నీరు వచ్చువఱకు బూటు మంచిదే యని మన భావము. ఈ భావము సరికాదు. చిల్లి పడకమునుపే, అట్ట అరిగిననాడే, ఆ బూటు చేయవలసిన పనిలో సగము నిలిచిపోయినది.

ఇంత చిన్న విషయమునకు సంఘ పత్రికలో చోటేల యని కొందఱనవచ్చును. కైకలూరు, భీమవరము ప్రాంతములలోను, నెల్లూరు తీరమునందును ఎన్ని కుటుంబములు చెఱువుల మీద బ్రతుకుచున్నవో మీరెఱుగుదురు. మేత వేయుట, వల లాగుట, మదుము తలుపు ఎత్తుట, ఏరియేటరుకు చుట్టుకొన్న నాచు తీయుట మొదలగు పనులన్నియు తడి గట్టుమీదనో, నీటిలోనో జరుగునవే. గట్టుమీద కాలు జాఱి తుంటి యెముక విఱిగిన మనిషి ఆ యేడు పనికి రాడు. ఆ యింటి యన్నము నిలిచిపోవును. కావున ఇది చిన్న విషయము కాదు.

మొదట అట్ట చేయు పనియేమో తెలిసికొందము. బూటు అడుగున గాడులు అందమునకు తీసినవి కావు. తడి సిమెంటుపై కాలు మోపినపుడు అడుగునకును నేలకును మధ్య పలుచని నీటిపొర చిక్కుకొనును. ఆ నీరు గాడులగుండ ప్రక్కలకు పోయినపుడే రబ్బరు నేలను తాకి పట్టుకొనును. గాడులు అరిగి మాయమైనచో నీరు పోవుటకు దారి యుండదు. మనిషి నీటిపొరమీద నిలిచినట్లే యగును. బంకమట్టి గట్టుమీద గాడుల పని వేఱు. అచట లోతైన పళ్లు మట్టిలో దిగి, ఏటవాలున కాలు జాఱకుండ ఆపును. పాకుడు పట్టిన మదుము మెట్లమీద క్రొత్త రబ్బరు కూడ నమ్మదగినది కాదు. అరిగిన రబ్బరు సంగతి చెప్పనేల? అట్టిచోట పాకుడును బ్రష్షుతో గీకి తీసివేయుటయు, పట్టుకొనుటకు ఒక కఱ్ఱయో ఇనుప గొట్టమో పాతించుటయు, ఏ బూటుకంటెను మేలైన రక్షణలు.

ఇక అట్ట ఏల అరుగునో చూతము. చెఱువులో మెత్తని ఒండ్రుమీద నడచుటవలన అట్ట అంతగా అరుగదు. అదే బూట్లతో కంకర రోడ్డుమీద ఇంటికి నడచుట, మోటారు సైకిలు నడుపుచు కాలితో నేలను రాచుట, దాని గేరు మీటను తొక్కుట అనునవి దానిని త్వరగా తినివేయును. ఎండ, గాలి సహజ రబ్బరును పగుళ్లు వాఱజేయును. డీజిలు, కిరోసిను, గ్రీజు తగిలినచో రబ్బరు ఉబ్బి మెత్తబడును. చవుక రకములలో పెక్కు రబ్బరువి కావు, పి.వి.సి. పదార్థముతో పోతపోసినవి. ఇవి కాలక్రమమున బిరుసెక్కి, పాదము వంగుచోట పగులును. మూడవ రకము పాలియురితేను అట్ట. ఇది తేలికైనది, మెత్తనైనది. కాని తేమ గాలిలో ఏండ్లతరబడి నిలువయున్నచో తొడుగకుండగనే లోలోపల చెడిపోవును. చూచుటకు క్రొత్తదివలె నుండి, తొడిగిన కొలది దినములకే ముక్కలై రాలును. కావున అంగడిలో చిరకాలము పడియున్న సరుకు చవుకగా వచ్చినదని తెచ్చుకొనుట లాభము కాదు.

అట్టను పరీక్షించుటకు పెద్ద విద్య యక్కఱలేదు. నాలుగు పరీక్షలు చాలును. మొదటిది: తడిపిన బూటుతో పొడి సిమెంటు నేలపై ఒక్క అడుగు వేయవలెను. గాడుల గీతలు విడివిడిగా పడినచో మంచిది. మడమచోటను, బొటనవ్రేలి మొదటిచోటను ఒకే మచ్చగా పడినచో అట్ట అరిగినదని యర్థము. రెండవది: బూటును సమమైన పలకపై నిలుపవలెను. అది ఒక ప్రక్కకు ఒఱగినచో మడమ ఒకవైపే అరిగినది. అట్టిది చీలమండను మడత పెట్టును. మూడవది: అట్టను చేతులతో వంచి చూడవలెను. వంపులో పగుళ్లు నోరు తెఱచినచో అవి నేడో రేపో చిల్లులగును. నాలుగవది: బూటునిండ నీరు పోసి, వెలుపల తుడిచి, పావుగంట వ్రేలాడదీయవలెను. ఎక్కడ చెమ్మ పుట్టునో అక్కడ దోషమున్నది.

దోషము కనబడినపుడు ఏది బాగుచేయవచ్చునో, ఏది పాఱవేయవలెనో వివేకముండవలెను. నిజమైన రబ్బరు బూటుకు చిన్న చిల్లియైనచో సైకిలు అంగడివాడు ట్యూబునకు వేయునట్టి ప్యాచి నిలుచును. రెండువైపులను ఇసుకకాగితముతో గఱుకు చేసి, నూనె జిడ్డు లేకుండ తుడిచి, సొల్యూషను పలుచగా పూసి, వ్రేలికి అంటుకొననంత ఆఱిన పిదప అతికించి, బరువు పెట్టి మఱునాటివఱకు ముట్టకూడదు. ఈ సొల్యూషను పి.వి.సి.మీద నిలువదు, దానికి వేఱుగా తగిన జిగురు కావలెను. ఏ పదార్థముతో చేసినదో కొనునపుడే అడిగి తెలిసికొనుట మంచిది. అట్ట విడిగా అతికించిన బూటైనచో చెప్పులు కుట్టు పనివాడు క్రొత్త అట్ట వేయగలడు. అయితే దారముతో కుట్టించినచో ప్రతి కుట్టును ఒక చిల్లియే. కావున నీటిలో దిగు బూటుకు అతుకు పనియే కాని కుట్టుపని కూడదు. ఒకే పోతగా వచ్చిన బూటు అట్ట నున్నబడినపుడు దానికి మందు లేదు. కాల్చిన కత్తితో క్రొత్త గాడులు కోయువారు కలరు. అది అరిగి పలుచబడినదానిని మఱింత పలుచజేయుటయే. అట్టి అట్టను మేకు, గాజుపెంకు, చేప ముల్లు సులభముగా దాటును.

ఈ సందర్భమున పరదేశముల అనుభవ మొకటి మనకు పనికివచ్చును. చల్లని కొండయేళ్లలో నిలిచి గాలముతో చేపలు పట్టు అచటివారు పాకుడు రాళ్లమీద జాఱకుండుటకై, ఉన్నిని దట్టముగా నొత్తినట్లుండు ఫెల్టు అట్టలు వాడుచుండిరి. ఫెల్టు రాతిని చక్కగా పట్టుకొనును. కాని తడియు, పాచియు దానిలో ఇంకి చాల దినములు నిలుచును. 2004 సంవత్సరమున న్యూజీలాండు దక్షిణ ద్వీపములో డిడిమో యను విదేశపు పాచి కనబడి, ఒక నదినుండి మఱియొక నదికి ప్రాకజొచ్చినది. ఈ వ్యాప్తికి తడి ఫెల్టు తోడ్పడునను కారణముచే 2008లో అచట చేపలవేటకు ఫెల్టు అట్టలను నిషేధించిరి. అప్పటినుండి రబ్బరు అట్టలకు, అవి జాఱకుండ చిన్న లోహపు మేకులు బిగించు పద్ధతికి ప్రాముఖ్యము హెచ్చినది.

దీనినుండి మనము రెండు సంగతులు గ్రహింపవలెను. ఒకటి, బూటు అడుగు నడిపించునదే కాక తెగులును మోయునది కూడ. 1994 ప్రాంతమున మన తీరమును తాకిన తెల్లమచ్చల వ్యాధి రొయ్యల రైతులకు ఎంత నష్టము కలిగించెనో వృద్ధులు చెప్పుదురు. ఒక చెఱువు నీరు, బురద మఱియొక చెఱువునకు చేరకుండ జాగ్రత్తపడుట ఈ తెగులు విషయమున ముఖ్యము. పగుళ్లు వాఱిన అట్టలో బురద దాగియుండును. పైపైన కడిగిన పోదు. కావున గట్టు దాటునపుడు బూట్లను బ్రష్షుతో కడిగి, బ్లీచింగు కలిపిన నీటిలో ముంచి, పిదప మంచినీటితో కడిగి నీడన ఆఱబెట్టవలెను. రెండవది, ఏటి రాళ్లకు పనికివచ్చిన లోహపు మేకుల పద్ధతి మన చెఱువులన్నిటికిని పనికిరాదు. అడుగున ప్లాస్టిక్ షీటు పఱచిన చెఱువులో మేకుల బూటుతో దిగినచో షీటు చిల్లులు పడును. అట్టిచోట లోతైన గాడులున్న మెత్తని రబ్బరు అట్టయే శరణ్యము.

కరెంటు విషయమున మఱింత జాగ్రత్త వలయును. కాలికి రబ్బరు బూటున్నది గదా యని ఏరియేటరు తిరుగుచుండగనే నీటిలో దిగువారు కలరు. సామాన్యపు గంబూట్లు కరెంటు నాపుటకు పరీక్షించి చేసినవి కావు. పైగా చెమ్మ చొఱబడిన అరిగిన అట్ట ఎట్టి రక్షణయు నీయదు. మెయిను ఆపి, మరల ఎవరును వేయకుండ ఒక మనిషిని దానికడ నిలిపి, పిదపనే నీటిలో దిగవలెను. ఛాతివఱకు వచ్చు రబ్బరు తొడుగు వేసికొనువారు నడుమునకు పటకా బిగించుకొనవలెను. లోతు నీటిలో కాలు జాఱినచో తొడుగులోనికి నీరు నిండి మనిషి పైకి లేచుట కష్టమగును.

ఇపుడు అసలు సంగతికి వచ్చుచున్నాను. ప్రదర్శనలకై నేను తిరుగు గ్రామములలో పలుచోట్ల ఒక ఆచారము చూచుచున్నాను. ఆసామి క్రొత్త బూట్లు కొనుక్కొని, తన పాతవి పాలేరున కిచ్చును. ఇచ్చునది దయతోనే, సందేహము లేదు. పుచ్చుకొనువాడును సంతోషించును. కాని ఆలోచింపుడు. ఆసామి గట్టుమీద నిలిచి చూచువాడు. పాలేరు నీటిలో దిగువాడు. జాఱు నేల యెవరిదో వానికే జాఱు బూటు దక్కుచున్నది. అంతేకాదు, ఆ బూటు ఒకని నడకకు అనుగుణముగ అరిగినది, కొలతయు ఇంకొకనిది. వదులైన బూటులో పాదము జరుగును, మడమ ఒఱయును, ఒఱసినచోట పుండగును. చెఱువు నీటిలో, మాగాణి నీటిలో ఎలుకల మూత్రమువలన వ్యాపించు ఎలుకజ్వరపు సూక్ష్మజీవి అట్టి పుండ్లగుండ, గాట్లగుండ శరీరములో ప్రవేశించును. తుప్పుమేకు గ్రుచ్చుకొన్న ధనుర్వాతపు భయము వేఱొకటి. దానమని యిచ్చిన బూటు ఈ విధముగ ఋణమై తిరిగివచ్చును.

“మా తాతలు వట్టికాళ్లతో చేసిరి, ఇప్పటికిని వరినాట్లు వట్టికాళ్లతోనే వేయుచున్నారు గదా” యని కొందఱు వాదింతురు. దమ్ముచేసిన మడిలో బూటు బురదకు అతుకుకొని ఊడివచ్చుననుట నిజమే. అచట వట్టికాలే సుళువు. కాని వట్టికాలితో నడచువాడు జాఱునని యెఱిగి వ్రేళ్లతో నేలను పట్టుకొని నడచును. అరిగిన బూటు తొడిగినవాడు తనకు రక్షణ కలదని నమ్మి ధైర్యముగ అడుగు వేయును. లేని రక్షణకంటె ఉన్నదని భ్రమింపజేయు రక్షణ ఎక్కువ ప్రమాదకరము.

ఖర్చు మాట వచ్చినచో, ఒక రొయ్య మేత బస్తా వెలకు ఒక జత మంచి బూట్లు వచ్చును. ఒక పంటకాలమున ఎన్ని బస్తాలు చెఱువులో చల్లుచున్నామో లెక్కించుకొనుడు. విత్తనము, మేత, డీజిలు వలెనే బూటును పెట్టుబడి లెక్కలో వ్రాయవలెనే గాని ధర్మఖాతాలో వ్రాయరాదని నా దృఢాభిప్రాయము.

ఒంటరిగా ఒక చిన్న రైతునకు ఇది భారమనిపించినచో, సంఘమున్నది అందులకే. ఎరువులు, విత్తనములు కలిసి తెచ్చుకొన్నట్లే బూట్లను కూడ టోకున తెచ్చుకొనవచ్చును. సభ్యులు తమ పాలేళ్ల పాదముల కొలతలతో సహా సంఘ గుమాస్తాకు ముందుగ వ్రాయించవలెను. చిరకాలము నిలువయున్న సరుకు కాక క్రొత్తగా చేసినది కొనవలెను. సంఘపు గిడ్డంగిలో ఇసుకకాగితము, సొల్యూషను, ప్యాచీలు, పి.వి.సి. జిగురు ఒక పెట్టెలో నుంచవలెను. చెఱువులలో పిల్ల వదలుటకు ముందు ఒక దినము నిర్ణయించి, గ్రామములోని బూట్లన్నిటిని పైజెప్పిన నాలుగు పరీక్షలకు పెట్టవలెను. తప్పినవానిని ఇంకొకరి కీయక, అందఱి యెదుటను పైభాగము కోసివేయవలెను. అప్పుడవి మరల ఏ కాలికిని చేరవు. ఆ రబ్బరు ముక్కలు తలుపు సందులకు, గొట్టముల అతుకులకు ఉపయోగపడును.

సభ్యులు రానున్న సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చించి, తీర్మానము చేయుదురని ఆశించుచున్నాను. అంతవఱకు ప్రతివారును నేటి సాయంకాలము తమ బూట్లతోపాటు తమ పనివాని బూట్లను కూడ తిరుగవేసి చూతురు గాక.