సూదికే తొలి రూపాయి

మన పల్నాటి చిలకలూరిపేటలో ఆదం సాహెబు శిష్యుడై, శ్రీరంగంలో స్థిరపడి నాదస్వరానికి కీర్తి తెచ్చిన షేక్ చినమౌలానా 1999లో కన్నుమూశారు. అట్టివారి స్వరం రికార్డుల గాడులలో నిలిచి ఉన్నది. కనుక అటకపై ఉన్న పాత రికార్డులను పారవేయరాదు.

స్వల్ప ధనంతో యంత్రం కొనేవారు పెట్టె నగిషీని గాక సూదిని పరీక్షించాలి. సూది బరువు సవరించే వీలుండాలి. అధిక భారం గాడిని అరగదీస్తుంది, అరిగిన గాడి తిరిగి రాదు. 78 చుట్ల రికార్డుకు వాడే సూది 33⅓ చుట్ల ఎల్.పి.కి తగదు.

రెంటచింతల ఎండ జగమెరిగినదే. వేడికి వినైల్ వంగుతుంది. రికార్డులను నీడలో, నిలువుగా ఉంచి, మెత్తని కుంచెతో గాడి వెంబడే దుమ్ము తుడవాలి. దీనికి ధనం కాదు, శ్రద్ధ కావాలి.

కళాశాల గ్రంథాలయానికి ఇట్టి యంత్రమొకటి సమకూర్చవలసినదిగా కమిటీ పెద్దలకు నా మనవి.