నమూనా ఫారాలు ఏ బీరువాలో పెట్టాలి?

పోయిన నెల సంఘం మీటింగులో "రిటైరయ్యాక పొద్దెలా పోతోందండీ?" అని అడిగారు. లినక్స్ కెర్నల్ కోడ్ చదువుతున్నానన్నాను. నవ్వారు. నవ్వండి, పరవాలేదు. తమిళ మీడియంలో చదివి, ముప్పై దాటాక తెలుగు అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. అది వచ్చినప్పుడు ఇది మాత్రం రాదా? నా తెలుగులో తప్పులుంటే ఎప్పటిలాగే సర్దుకోండి.

ఇదంతా మా మనవరాలి వల్ల మొదలైంది. ఇంజనీరింగ్ మూడో ఏడు. కెమెరా నుంచి బొమ్మ తీసుకునే ప్రోగ్రాం రాయాలి. దాని పాత లాప్‌టాప్‌లో కెమెరా చెడిపోయింది, కాలేజీ ల్యాబులో ఉన్న ఒక్కదానికీ క్యూ. "తాతా, కొత్తది కొనాలేమో" అంది. మా మేనల్లుడు సాఫ్ట్‌వేర్ వాడు, ఫోనులో విని "కొనొద్దు మామా, వివిడ్ అని ఒక టెస్ట్ డ్రైవర్ ఉంది, ఎక్కించమను" అన్నాడు. ఎక్కించింది. కెమెరా లేకుండానే కెమెరా వచ్చింది! రంగురంగుల పట్టీలు, మీద పరుగెత్తే టైము. వెబ్‌క్యామ్‌లాగా, టీవీ ట్యూనర్‌లాగా, హెచ్‌డీఎంఐలాగా ఎలా కావాలంటే అలా నటిస్తుంది. ప్రాజెక్టు గట్టెక్కింది.

నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే. వస్తువు లేకుండానే వస్తువున్నట్టు నటించే ఈ డ్రైవర్లను కెర్నల్ కోడ్‌లో ఏ ఫోల్డర్‌లో పెట్టాలి?

ఇదేం ప్రశ్న అనకండి. నేను పనిచేసిన ఒక ఆఫీసులో కొత్త గుమస్తాలకు నేర్పడానికి నమూనా రసీదులు ఉండేవి, ఉత్తుత్తి పేర్లు, ఉత్తుత్తి వ్యాగన్ నంబర్లు రాసినవి. అసలు రసీదులున్న బీరువాలోనే, అదే అరలో పెట్టేవాళ్ళం. ఒకసారి అందులోది ఒకటి అసలు ఫైలులోకి పోయింది. ఆడిట్‌లో దొరికింది. లేని సరుకుకు లెక్క చెప్పమని మూడు నెలలు ఉత్తరాలు నడిచాయి. తప్పు గుమస్తాది అన్నారు. నేనైతే బీరువాది అంటాను.

వివిడ్ 2014లో కెర్నల్ 3.18తో వచ్చింది. దాన్ని డ్రైవర్స్/మీడియా/ప్లాట్‌ఫామ్‌లో పెట్టారు. శాంసంగ్ ఎక్సినోస్, టీఐ ఓమాప్ లాంటి నిజమైన చిప్పుల డ్రైవర్లు ఉండే చోటు అది. ఉబుంటు, డెబియన్ లాంటివి దీన్ని మాడ్యూల్‌గా కట్టి జనానికి ఇచ్చాయి. 2019లో అలెగ్జాండర్ పోపోవ్ అనే భద్రతా పరిశోధకుడు ఇందులో లోపం పట్టుకున్నాడు. స్ట్రీమింగ్ ఆపేటప్పుడు తాళం వేసే పద్ధతి తప్పు, దాంతో మామూలు యూజర్ రూట్ అయిపోవచ్చు. సీవీఈ-2019-18683 అని నంబరు కూడా ఇచ్చారు. మొదటి రోజు నుంచీ, అంటే అయిదేళ్ళుగా ఉన్న తప్పు అది. తనంతట తాను ఎక్కే మాడ్యూల్ కాదు, ఎవరో రూట్‌గా ఎక్కించాలి. అది నిజమే. అయినా నమూనా రసీదు జనం ఇళ్ళదాకా పోయింది కదా?

2020లో, 5.8 నాటికి, మీడియా వాళ్ళు సర్దారు. వివిడ్, విమ్‌సీ, వీఐఎం2ఎం, వికోడెక్ నాలుగింటినీ డ్రైవర్స్/మీడియా/టెస్ట్-డ్రైవర్స్ అనే కొత్త ఫోల్డర్‌లోకి మార్చారు. అంతకంటే ముఖ్యమైన పని, మెనూలో వీటికి వేరే స్విచ్ పెట్టి, ఇవి వాడుకలో ఉన్న మెషీన్ల కెర్నల్‌లో పెట్టేవి కావని సహాయ వాక్యంలో రాయడం. తర్వాత విడ్‌టీవీ అనే కొత్తది వచ్చినప్పుడు ఎక్కడ పెట్టాలని ఎవరూ కొట్టుకోలేదు. అర సిద్ధంగా ఉంది.

మిగతా చోట్ల చూడండి. స్కసీ_డీబగ్ వందల నిజం డ్రైవర్ల మధ్య కూర్చుంది. డమ్మీ_హెచ్‌సీడీ యూఎస్‌బీ గాడ్జెట్‌లో లోపలెక్కడో. కావాలనే కెర్నల్‌ను పడగొట్టి చూసే ఎల్‌కేడీటీఎం మిసెల్లేనియస్‌లో. మా రికార్డ్ రూములో కూడా 'ఇతరములు' అని ఒక కట్ట ఉండేది. అందులో పడ్డ కాగితం మళ్ళీ దొరికితే అదృష్టమే.

అలాగని అన్ని టెస్టులూ ఒకే గోడౌన్‌లో పొయ్యమని నేననను. యూజర్ వైపు నుంచి నడిపే సెల్ఫ్‌టెస్టులకు టూల్స్/టెస్టింగ్ సరిపోతుంది. నకిలీ కెమెరా డ్రైవర్ మాత్రం కెమెరా వాళ్ళ కళ్ళ ముందే ఉండాలి. కెమెరా నిబంధన మారిన రోజే అదీ మారాలి. కోడ్ ఎవరి బాధ్యతో చెప్పే మెయింటైనర్స్ ఫైలు కూడా ఎక్కువగా ఫోల్డర్ దారి చూసే చెబుతుంది. గోడౌన్‌లో పెడితే ఎవరిదీ కాని సరుకవుతుంది. కనుక సొంత శాఖలోనే, కానీ వేరే అరలో, పైన చీటీ అంటించి.

మేనల్లుడు ఒప్పుకోడు. "ఫైళ్ళు కదిపితే పాత కెర్నళ్ళకు సవరణలు పంపేవాళ్ళకు ఎంత తలనొప్పో తెలుసా మామా? ఎవరు ఎప్పుడు ఏ లైను రాశారో చూడాలన్నా చుట్టు తిరగాలి" అంటాడు. ఆ తలనొప్పి నిజమే. గిట్ పేరు మార్పును చాలావరకు కనిపెడుతుంది గాని ప్రతిసారీ కాదు. కానీ ఆ కష్టం తెలిసినవాళ్ళకు, కొన్నాళ్ళు. సర్దకపోతే కష్టం కొత్తవాళ్ళకు, ఎప్పటికీ. మా మనవరాలికి ఫోనులో చెప్పే మేనమామ వరస ఒకడున్నాడు, లేనివాళ్ళు టెస్ట్-డ్రైవర్స్ అనే పేరు చూసే కదా వెతుక్కోవాలి?

2025లో లిబ్ ఫోల్డర్‌లో కూడా చెల్లాచెదురుగా ఉన్న కేయూనిట్ టెస్టులను లిబ్/టెస్ట్స్‌లోకి చేర్చారు. వాడికి ఆ సంగతి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. స్కసీ సంగతి పొంగల్‌కు ఇంటికి వచ్చినప్పుడు తేల్చుకుంటాం.